ఊరికే దొరికిన బస

బంధువుల్లో ఆయనకి 'చవక చక్రవర్తి' అని బిరుదు. ఎవరో వెక్కిరింపుగా పెట్టారు. ఆయన మాత్రం శాలువా కప్పించుకున్నంత సంతోషంగా పుచ్చుకున్నాడు. నీళ్ళ మీటర్ల ఆఫీసులో గుమాస్తాగిరీ పొట్ట కోసం చేస్తాడు గానీ, అసలు వృత్తి వేరే ఉంది. పరాయి దేశాల్లోని మహానగరాల్లో అతి తక్కువ డబ్బుకి నడుం వాల్చే చోటు వెతకడం. తన కోసమే కాదు, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ కూడా. ఫలానావాళ్ళు విమానం ఎక్కుతున్నారని చెవిన పడితే చాలు, సాయంత్రానికల్లా వాళ్ళింట్లో తేలేవాడు.

"హోటలా? హోటల్లో డబ్బున్నవాళ్ళు దిగుతారండీ, బుద్ధున్నవాళ్ళు దిగరు" అని మొదలుపెట్టేవాడు. సెలవుల్లో ఖాళీగా పడి ఉండే కాలేజీ హాస్టళ్ళు, ఊరి చివర రైలు ఆగిపోయే స్టేషను దగ్గర గదులు, సొరుగుల్లాంటి పెట్టెల్లో మనుషుల్ని పడుకోబెట్టే చోట్లు, అన్నీ ఆయనకి కంఠతా వచ్చు. ఆఫీసులో క్యాషియరు కొత్త పెళ్ళాంతో పరదేశం వెళ్తుంటే పన్నెండు మంచాల గదిలో రెండు మంచాలు కుదిర్చి పెట్టాడు, పైది ఒకరికి, కిందిది ఒకరికి. మిగతా పదింటి మీద ఒక ఫుట్‌బాల్ జట్టు. ఆ క్యాషియరు ఇప్పటికీ ఆయనతో మాట్లాడడు. అది కుళ్ళుబోతుతనం అని చక్రవర్తిగారి అభిప్రాయం.

సరే, ఈ కథ ఆయనది కాదు. ఆయన్ని కట్టుకున్నావిడది.

ఆవిడ స్కూలు యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టరు. అక్కడందరూ 'కత్తెరక్క' అంటారు. పంతొమ్మిదేళ్ళుగా అదే ముదురు నీలం గుడ్డ, అవే ఆరు సైజులు. పిల్లల్లో లావువాళ్ళుంటారు, బక్కవాళ్ళుంటారు, ఒక భుజం పైకీ ఒక భుజం కిందికీ ఉన్నవాళ్ళుంటారు. ఫ్యాక్టరీకి అవేమీ పట్టవు, ఆరు సైజుల్లో ఎవడు ఎందులో పడితే అందులో దూరాల్సిందే. చచ్చిపోయేలోగా ఒక్కసారైనా సైజు కోసం కాకుండా మనిషి కోసం గుడ్డ కత్తిరించాలని ఆవిడ కోరిక. అందుకే, పరాయి దేశపు మహానగరం ఒకదానిలో నాటకాలకి దుస్తులు తయారుచేసే వర్క్‌షాపు ఉందని తెలిసి, వరసగా మూడేళ్ళు అప్లికేషన్ పెట్టింది. ఏడాదికి ఒక్క కొత్త మాస్టర్ని తీసుకుంటారు, ఏడాది పాటు పని ఇస్తారు. మూడో ఏడు జవాబు వచ్చింది. గురువారం పొద్దున పదింటికి పరీక్ష, మఖమల్ గుడ్డ మీద. కింద ఒక ముక్క విడిగా రాశారు, ఎవరి కత్తెర వాళ్ళే తెచ్చుకోవాలని.

ఆ ముక్క చదివి ఆవిడ నవ్వుకుంది. ఇంకొకరి కత్తెర ముట్టుకునే మాస్టరు ఎక్కడైనా ఉంటాడా? పని నేర్పిన ముసలి మాస్టరు పోతూ పోతూ ఇచ్చిన పెద్ద కత్తెర అది. పంతొమ్మిదేళ్ళలో దానికి గుడ్డ తప్ప మరొకటి తగలలేదు. కాగితం కోస్తే కత్తెర పదును పోతుందని టైలరింగులో మొదటి రోజే చెబుతారు. ఇంట్లో పాల ప్యాకెట్లకి వేరే కత్తెర, ఉత్తరాలకి ఇంకోటి. దీన్ని మాత్రం ఫ్లానెల్ గుడ్డలో చుట్టి బీరువాలో పెడుతుంది, మొగుడు కూడా ముట్టుకోడానికి వీల్లేదు.

ఏడాది ఒంటరిగా ఉండాలంటే ఆయన బెంగపడతాడేమోననుకుంది. ఆయన బెంగేమీ పడలేదు. "నిన్ను చూడ్డానికి వచ్చినప్పుడల్లా నాకు బస ఊరికే!" అని మురిసిపోయాడు. ప్రేమంటే అదీ.

ఇక పరీక్షకి ఇద్దరూ వెళ్ళినప్పుడు ఎక్కడ దిగాలన్న ప్రశ్న వచ్చింది. నెల రోజులు ఆయన కంప్యూటరు ముందునుంచి లేవలేదు. నాలుగు వందల మంది రాసిన మంచీ చెడూ చదివాడు. నల్లులున్నాయని ఒకడు రాస్తే, "వీడికి ఒళ్ళు సున్నితం" అన్నాడు. కిటికీ లేదని ఒకావిడ వాపోతే, "చలికాలంలో కిటికీ ఎందుకు, పిచ్చి మొహానికి" అన్నాడు.

"ఏమండీ, వర్క్‌షాపుకి దగ్గరగా ఒక మామూలు గది చూడండి చాలు. ఆ ముందురోజు నాకు నిద్ర ముఖ్యం. చెయ్యి వణికితే మఖమల్ పాడైపోతుంది," అంది ఆవిడ.

"నీకెందుకు, నామీద వదిలెయ్," అన్నాడు ఆయన. పాపం, వదిలేసింది.

చివరికి ఒకరోజు కుర్చీలోంచి ఎగిరి గంతేశాడు. ఆ నగరంలో ఆయన పెద్దమ్మ తోడికోడలి కూతురు ఉందట! ఎన్నడూ చూసింది లేదు, మాట్లాడింది లేదు. అయితేనేం, వరసకి అక్క. ఫోన్ చేశాడు, అక్కా అన్నాడు, ఆవిడ రమ్మంది. అద్దె సున్నా. సున్నా కన్నా తక్కువ రేటు లోకంలో ఇంకా ఎవరూ కనిపెట్టలేదు గనక వెతుకులాట అక్కడితో ఆగింది.

"ఎవరో ఏమిటో తెలియకుండా నాలుగు రోజులు వాళ్ళింట్లో ఎలా ఉంటామండీ?" అంది ఆవిడ.

"ఎవరో ఏమిటే? నీకు సాక్షాత్తూ ఆడపడుచు!"

ఆ మాట ముందే ఆలోచించి ఉండాల్సింది. ఎంత దూరపుదైనా ఆడపడుచు ఆడపడుచే కదా.

సోమవారం దిగారు. వదినగారిది నాలుగో అంతస్తులో ఫ్లాటు. శుభ్రంగా ఉంది, వెలుతురుంది. వదినగారూ మంచి మనిషే, ఎదురొచ్చి చేతులు పట్టుకుంది. "మీ ఇల్లే అనుకోండి," అంది. వదినగారి భర్త అన్నయ్యగారు కూడా తలూపాడు. ఆయన రెండు గంటలకోసారి తలూపే మనిషి. హాల్లో సోఫా లాగితే మంచమవుతుంది. దాని నడుమ ఒక ఇనప కమ్మీ ఉంది, సరిగ్గా వెన్నెముక దగ్గర. "చూశావా, ఎంత సదుపాయమో!" అన్నాడు చక్రవర్తి.

కాఫీ తాగుతూ ఆవిడ చేసిన తప్పు ఒకటే. అది టైలర్లు తప్ప ఎవరూ చెయ్యని తప్పు. కర్టెను కేసి చూసి ఊరుకోలేకపోయింది.

"వదినగారూ, ఈ కర్టెను అంచు ఎడమ పక్క రెండు వేళ్ళు దిగిందండీ," అంది. నోటి దూల, ఇంకేమనాలి! పంతొమ్మిదేళ్ళుగా వంకర అంచు చూస్తే ఆవిడకి పంటికింద రాయిలా ఉంటుంది.

"అవునా అమ్మాయ్! నాకు కనిపించనే లేదు. నీకు పనేంటన్నావ్? కటింగా?" వదినగారి కళ్ళు మెరిశాయి.

"కటింగేమిటక్కా, గుడ్డ చూస్తే చాలు కొలత చెప్పేస్తుంది! నీకేం కావాలన్నా అడుగు, మొహమాటపడకు," అన్నాడు చక్రవర్తి, పెళ్ళాన్ని పళ్ళెంలో పెట్టి అందిస్తూ.

వదినగారు మొహమాటపడలేదు. మంగళవారం పొద్దున్నే ఆ కర్టెను విప్పించింది. ఒకటి సరిచేశాక పక్కది వంకరగా కనిపించదూ? అలా ఎనిమిది. మధ్యాహ్నానికి బీరువాలోంచి జాకెట్లు దిగాయి, లావెక్కకముందువి మూడు, లావెక్కాక కొన్నవి రెండు. సాయంత్రం అన్నయ్యగారు ప్యాంట్లు పట్టుకొచ్చి తలూపాడు. బుధవారం పొద్దున సోఫా గలేబులు. అటకమీది కుట్టు మిషను చక్రవర్తే దింపి, తుడిచి, నూనె వేశాడు. ఇంట్లో ఏనాడూ గరిటె తీసి ఇవ్వని మనిషి!

"వాళ్ళు ఊరికే ఉండనిచ్చారుగా," అన్నాడు గొంతు తగ్గించి. "ఇంత చెయ్యకపోతే బాగోదు."

"రేపు పరీక్షండీ నాకు. వేళ్ళు చూడండి," అని చూపించింది. బొటనవేలి కింద బొబ్బ లేచింది. రెండు రాత్రుల కమ్మీ పుణ్యమా అని నడుం నిలవడం లేదు.

"ప్రాక్టీసు అనుకో," అన్నాడు మహానుభావుడు.

ఆవిడ మళ్ళీ మిషను ముందు కూర్చుంది. వాళ్ళ అన్నం తింటూ, వాళ్ళ సోఫా మీద పడుకుంటూ, కాదని ఎలా అంటుంది? గది అద్దె కట్టి ఉంటే తలుపు వేసుకుని ఉండేది. ఇక్కడ వేసుకోడానికి తలుపే లేదు, హాలాయె.

బుధవారం మధ్యాహ్నం మాత్రం ఎలాగో తప్పించుకుంది. మర్నాడు తడుముకోకుండా వర్క్‌షాపు దారి ముందే చూసి వస్తానని బయల్దేరింది. నలభై నిమిషాలు రైల్లో వెళ్ళి, వర్క్‌షాపు అద్దాల బయట నిలబడింది. లోపల పొడుగాటి బల్లల మీద తానులు పరిచి ఉన్నాయి, ఎరుపు, పసుపు, గచ్చకాయ రంగు, వక్క రంగు. వాటిలో ముదురు నీలం ఉందేమోనని వెతికింది. లేదు. గుండె నిండిపోయింది ఆవిడకి. ఈ బల్ల దగ్గర ఒక్క ఏడాది నిలబడితే చాలు దేవుడా అనుకుంది.

తిరిగొచ్చేసరికి హాలు నిండా అట్ట ముక్కలు. వదినగారింటికి కొత్త పుస్తకాల బీరువా విడిభాగాలుగా వచ్చింది. అన్నయ్యగారు పెట్టెను పట్టుకుని కూర్చున్నాడు. చక్రవర్తి దాని చుట్టూ బిగించిన ప్లాస్టిక్ పట్టీలు కోస్తున్నాడు. పట్టీలయ్యాయి, అట్టా అయింది, ఇక అట్టకి కొట్టిన ఇనప పిన్నులు తెంపుతున్నాడు.

ఆవిడ కత్తెరతో.

"వచ్చావా! ఎంత బాగా తెగుతోందే ఇది! బావగారి చాకు ఎందుకూ పనికి రాలేదు," అన్నాడు సంబరంగా.

ఆవిడ దగ్గరికెళ్ళి కత్తెర లాక్కుని వెలుతురుకి ఎత్తి చూసింది. అంచు మీద మూడు చోట్ల గాట్లు. వేలితో తడిమింది. పంతొమ్మిదేళ్ళలో ఎన్నడూ తగలని గరుకు తగిలింది.

"ఎవరు తియ్యమన్నారు మిమ్మల్ని?"

"అక్క అడిగింది. ఊరికే ఉంటున్నాం, కత్తెర ఇవ్వనంటే ఏం బాగుంటుంది? అయినా కత్తెరే కదా. కొత్తది కొందాం. చవగ్గా దొరికే చోటు నాకు..."

"నోరు ముయ్యండి!" అంది ఆవిడ.

పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆ మాట అదే మొదటిసారి. అన్నయ్యగారు తలూపడం మరిచిపోయాడు. "అయ్యో, ఇంతదానికేనా అమ్మాయ్," అంది వదినగారు. ఆవిడ కత్తెర పట్టుకుని బాత్రూములోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. ఆ ఇంట్లో ఆవిడ గడియ పెట్టుకోగల గది అదొక్కటే. తొట్టి అంచు మీద కూర్చుని, కత్తెర ఒళ్ళో పెట్టుకుని, కసితీరా ఏడ్చింది.

గురువారం పదింటికి వర్క్‌షాపులో ఒక పెద్దాయన ఎదురొచ్చాడు. కళ్ళజోడుని దారంతో మెడకి కట్టుకున్నాడు. చక్రవర్తిని గుమ్మం పక్క బెంచీ మీద కూర్చోమన్నాడు. ఆవిడకి మఖమల్ ఇవ్వలేదు, ముందు జానెడు పల్చటి పట్టు ముక్క ఇచ్చాడు. "ఇది కోయండి," అన్నాడు. వాళ్ళ భాష ఆవిడకి వచ్చింది కొంచెమే గానీ, బల్ల దగ్గర మాటలు ఏ భాషలోనైనా తెలుస్తాయి.

కోసింది. కత్తెర సగం దాకా వెళ్ళి పట్టుని నమిలింది. పోగులు బయటికొచ్చాయి.

పెద్దాయన ఆ ముక్క ఎత్తి చూశాడు. కత్తెర అంచు చూశాడు. "ఏం కోశారు దీంతో?"

"అట్టపెట్టె," అంది తలొంచుకుని.

"మీరా?"

"కాదండి. మేం దిగిన ఇంట్లో."

"మీ కత్తెర ఇంకొకరికి ఇస్తారా మీరు?"

"ఇవ్వనండి."

"మరి ఎలా వెళ్ళింది వాళ్ళ చేతికి?"

ఊరికే ఉంటున్నాం గనక అని చెప్పాలి, ఏ మొహం పెట్టుకుని చెబుతుంది? బెంచీ మీద ఆయన తన బూట్ల లేసులు కట్టుకున్నాడు. కట్టినవే మళ్ళీ కట్టుకున్నాడు.

పెద్దాయన కాసేపు ఆవిడ బొటనవేలి బొబ్బ కేసి చూశాడు. "శనివారం రావాల్సిన మనిషి రాలేనన్నాడు. అదే పదింటికి రండి. సానపట్టేవాడు వెనక వీధిలో ఉన్నాడు, ఒక రోజు పడుతుంది. ఈసారి కూడా పట్టుని నమిలితే ఇంక రావద్దు," అన్నాడు.

రోడ్డు మీదికి రాగానే చక్రవర్తి నీళ్ళు నమిలాడు. "మన విమానం రేపే కదే. అక్కకి రేపటిదాకా అనే చెప్పాం. అడిగితే ఇంకో రెండు రోజులు ఊరికే..."

ఆవిడ ఒక్క చూపు చూసింది.

ముందు సానవాడి దగ్గరికెళ్ళి కత్తెర ఇచ్చింది. ఎదురుగా ఒక హోటలుంది. పెద్దదేం కాదు. సరాసరి లోపలికి నడిచి, మూడు రాత్రులకి గది కావాలంది. కౌంటరు వెనకున్నవాడు రేటు చెప్పాడు. చక్రవర్తి పక్కనున్న కుర్చీని తడుముకుని కూర్చున్నాడు. "పక్క వీధిలో ఇందులో సగానికే..." అనబోయాడు. ఆవిడ తన సొంత కార్డు తీసి కట్టేసింది, టిక్కెట్లు కూడా అక్కడే నిలబడి ఆదివారానికి మార్పించింది.

సామాను తెచ్చుకోడానికి వెళ్తే వదినగారు తెల్లబోయింది. "అదేంటమ్మాయ్, రేపటిదాకా అన్నారుగా! బెడ్‌రూము కర్టెను ఒక పక్కే కుట్టావు, రెండో పక్క అలాగే వేలాడుతోంది!"

నిజమే, వేలాడుతోంది. నాలుగు వేళ్ళ తేడా. ఆవిడకి చేతులు లాగాయి. సగం కుట్టిన అంచుని అలా వదిలిపెట్టడం ఆవిడ జన్మలో లేదు. పది నిమిషాల పని.

"టైలరుకి ఇవ్వండి వదినగారూ," అంది పెట్టె జిప్పు లాగుతూ. "బాగా చేస్తారు. డబ్బు తీసుకుంటారనుకోండి."

ఆ హోటలు గదిలో తలుపుంది, తలుపుకి తాళముంది, కిటికీ ఉంది, కమ్మీ లేని మంచముంది. ఆవిడ చెప్పులు విప్పి పడుకుందో లేదో నిద్రపోయింది. చక్రవర్తి మాత్రం కట్టిన డబ్బు రాబట్టడానికి రెండుసార్లు వేడినీళ్ళ స్నానం చేసి, లైట్లన్నీ ఒకసారి వేసి చూసి, సబ్బు బిళ్ళలు జేబులో వేసుకుని, చివరికి మంచం అంచున కూర్చున్నాడు. నిద్రలో కూడా ఆవిడ బొబ్బ ఉన్న వేలు విడిగా చాపి పెట్టుకుంది. ఆయన ఆ వేలు కేసి చాలాసేపు చూశాడు. శుక్రవారం సాయంత్రం సానవాడి దగ్గరికి తనే వెళ్ళాడు. బేరమాడలేదు. కత్తెరని ఫ్లానెల్లో చుట్టించుకుని, రెండు చేతులతో పట్టుకుని రోడ్డు దాటాడు.

శనివారం పట్టు ముక్క ఈ చివర నుంచి ఆ చివరికి చప్పుడు లేకుండా తెగింది. పెద్దాయన ఒక నటుణ్ణి పిలిచి ఆవిడ ముందు నిలబెట్టాడు. "ఇతనికి అంగీ కావాలి," అన్నాడు. ఎర్ర మఖమల్ తాను బల్ల మీదికి దొర్లింది.

టేపు తీయకముందే ఆవిడ చూసింది. అతని కుడి భుజం ఒక వేలు కిందికి ఉంది. ఆరు సైజుల్లో ఎందులోనూ పడని భుజం! పట్టలేనంత సంతోషం వేసింది ఆవిడకి. గుడ్డ నూగు ఎటు వాలుతోందో అరచేత్తో నిమిరి చూసుకుంది, సుద్దతో గీసింది, కుడి వైపు ఆ వేలెడు తేడా తీసుకుంది. కత్తెర ఒక్కసారి పెట్టిన చోట మళ్ళీ పెట్టలేదు. రెండు గంటల పని గంటా ముప్పావులో ముగిసింది. ముక్కల్ని పిన్నులతో కూర్చి నటుడికి తొడిగితే, భుజాలు రెండూ సమంగా నిలిచాయి.

"వచ్చే నెల ఒకటో తారీఖున రండి," అన్నాడు పెద్దాయన.

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. బెంచీ మీద ఆయన కూడా తుడుచుకున్నాడు.

"ఇల్లు వెతుక్కోనక్కర్లేదు. మేడ మీద గది ఒకటుంది. కొత్తగా వచ్చినవాళ్ళకి ఊరికే ఇస్తాం," అన్నాడు పెద్దాయన.

బెంచీ మీద ఆయన లేచి నిలబడ్డాడు. మహానగరం నడిబొడ్డున గది! ఏడాది! ఊరికే! ఆయన జన్మ ధన్యమైపోయింది.

"వద్దండి. అద్దె ఎంతో చెప్పండి, కట్టే ఉంటాను," అంది ఆవిడ.

పెద్దాయన కళ్ళజోడు తీశాడు. "ఊరికే అంటున్నాను కదా?"

"ఊరికే ఉంటే ఏదడిగినా ఇవ్వాల్సొస్తుందండి," అంది ఆవిడ, కత్తెరని ఫ్లానెల్లో చుడుతూ.

పెద్దాయన ఒక అంకె చెప్పాడు. చవకేమీ కాదు. ఆవిడ వెనక్కి తిరిగి మొగుడి కేసి చూసింది. ఆయన నోరు తెరిచాడు. ఆయన్ని ఎరిగినవాళ్ళెవరైనా ఆ నోట్లోంచి రాబోయేదేమిటో కళ్ళు మూసుకుని చెప్పేస్తారు. ఆయన ఆవిడ చేతిలో మూట కేసి చూశాడు. బొటనవేలి కేసి చూశాడు. నోరు మూసుకున్నాడు.

"సరేనండీ," అన్నాడు. అన్నాడు గానీ ప్రాణం ఒప్పుకోలేదు, తలుపు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి తిరిగాడు. "దుప్పట్లు ఆ అద్దెలోనే వస్తాయా అండీ?"